మెర్లి చెప్పబోయిన పాపం

ఫాదరు దగ్గర పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం చేసినట్టు చీటీ తేనిదే, జ్ఞానస్నానంలో బిడ్డ బాధ్యత తీసుకునే జ్ఞానతల్లిగా మెర్లి పేరు రాయనని చర్చి గుమాస్తా తేల్చేశాడు. పిల్లవాడి జ్ఞానస్నానం రేపే. ఆర్నెల్ల బిడ్డను చంకనేసుకుని జోవెలిన్ తన చెల్లెల్ని వరుసగా మూడో శనివారం లైన్లో నిలబెట్టింది.

మొదటి శనివారం మెర్లి కడుపునొప్పి అంది. రెండోసారి తలుపుదాకా వెళ్లి పరుగెత్తుకొచ్చింది. జోవెలిన్ విసుక్కుందని ఆ సాయంత్రం ముప్ఫై మెసేజులు. నీ ముఖం చూడనని ఒకటి, నువ్వు లేకపోతే బతకనక్కా అని ఇంకొకటి. అన్నిటికీ జవాబిచ్చేసరికి పొయ్యి మీద అన్నం మాడిపోయింది. ఇది బోర్డర్‌లైన్ పర్సనాలిటీ అనే జబ్బు, ఓపిక పట్టమంది డాక్టరమ్మ. ఆ ఓపిక ఏ సంతలో అమ్ముతారో చెప్పలేదు.

ఇంకా ముగ్గురున్నారనగా మెర్లి లైన్లోంచి తప్పుకుంది.

“ఇంకెవరినైనా పెట్టుకో అక్కా.”

రేపటి విందుకు పందిని కాల్చేవాడికి చెప్పేశామనీ, అత్తగారితో పోట్లాడి మరీ నీ పేరు ఒప్పించాననీ జోవెలిన్ పళ్ల బిగువున గొణిగింది. నాలుగు మాటలు చెప్పి రావడానికి ఇంత రాద్ధాంతమా అంది.

“నేను పనిచేసిన పాత దుకాణం మేనేజరు సంగతి ఎలా చెప్పను? వద్దన్నాను. కానీ ఒక్కసారే అన్నాను. తర్వాత నోరు పెగల్లేదు. అది పాపమేగా?”

మేనేజరు చేసింది మెర్లిని ఆసుపత్రిలో చేర్చినప్పుడే జోవెలిన్‌కు తెలిసింది. దాన్ని తన పాపమనుకుని ఈ పిల్ల మూడు వారాలుగా లైన్లో మోస్తోందని మాత్రం తట్టలేదు. ఒళ్లు మండిపోయింది. వాడి మీదా, దీని మీదా, తన మీదా.

“వాడి పాపం వాడు చెప్పుకుంటాడు. నీకు సొంతవి లేవా? నిన్న మా అత్తను గబ్బిలం అన్నావు. అది చెప్పు.”

“ఆవిడ గబ్బిలమే.”

“అయినా చెప్పు.”

మెర్లి మూతి వంకర పోయింది. నవ్వో ఏడుపో తెలియలేదు. “మరి మేనేజరు సంగతి చెప్పకపోతే దాచినట్టు కాదా?”

“నీది కానిదాన్ని నువ్వేం దాస్తావే? పద.”

బిడ్డ గుక్కపట్టాడు. లాలిస్తూ తలెత్తేసరికి మెర్లి లోపలికి వెళ్లిపోయింది. మూడు నిమిషాల్లో చీటీతో వచ్చింది. గుమాస్తా పుస్తకం తీసి రాయబోతే, ఇంటిపేరులో అక్షరం తప్పని అతనితో గొడవకు దిగింది.

జోవెలిన్ ఆపలేదు.