నిగనిగలాడే వంకాయలు

నల్లగండ్లలో వంకాయ కూర వండాలంటే ముందు వంకాయను కొట్టాలి. నిగనిగలాడే కాయలు కరుస్తాయి మరి. పచ్చడిబండతో తొడిమ మీద రెండు వేస్తే స్పృహ తప్పుతాయి, అప్పుడు తరగాలి. పుచ్చువంకాయలు పాపం ఏమీ అనవు. కానీ వాటిని కొనేదెవరు? పొద్దున్నే ఫ్లాట్లన్నింట్లోంచీ దబదబా దెబ్బలు, మధ్యలో ఓ కేక.

హేమంత్ ఇంట్లో ఆ పని అతనిదే. వంకాయను తప్ప ఇంకెవర్నీ కొట్టలేడని భార్య ఉదయశ్రీ అప్పగించింది. నిజమేనని అతనూ ఒప్పుకున్నాడు.

ఉద్యోగం నానక్‌రామ్‌గూడలో. చేలకు ఏ పురుగుమందు ఎంత కొట్టాలో రైతుల ఫోన్లకు మెసేజ్ పంపే కంపెనీ. లెక్కంతా కంప్యూటర్ చేస్తుంది. హేమంత్ బొటనవేలి ముద్ర పడితేనే మెసేజ్ కదులుతుంది, ఇంకెవరి వేలూ పనికిరాదు. "చదివిన చదువంతా బొటనవేల్లోకి దిగింది" అని తన మీద తనే జోకు వేసుకునేవాడు.

ఆరోజు గేటు దగ్గర కూరలమ్మే లక్ష్మమ్మ తూకం వేస్తూ కళ్లు తుడుచుకుంది.

"ఏమైంది లక్ష్మమ్మా?"

"మా ఆయన మందు కొట్టుకుంట చేన్లనే పడ్డడు సారూ. నోట్లకెల్లి నురుగొచ్చింది. నిన్ననే దవాఖాన నుంచి తోలుకొచ్చినం."

"కొన్నాళ్లు కొట్టొద్దని చెప్పు."

"చెప్తే ఇంటడా? మెసేజ్ వస్తే దేవుడు చెప్పినట్టే. అండ్ల ఒక మూత అంటే ఈయన రెండు మూతలు పోస్తడు. ఇయ్యాల మెసేజ్ రాకుంటే బతుకుతడు. పంపెటోడు ఎవడో గని, వాని చెయ్యి ఇరగ!"

హేమంత్ ఆ చేతిని సంచీ వెనక దాచుకున్నాడు.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే, ఆరోజు పంపాల్సిన మెసేజ్‌లో మందు మోతాదు రెట్టింపు. మేనేజర్ రవికిరణ్ ఫోన్ చేశాడు.

"వేలు పెట్టవయ్యా, అందరూ వెయిటింగ్."

"కుదరదు" అనే మాట గొంతు దాకా వచ్చి, నోటి దగ్గర "సరే సార్" అయిపోయింది. వేలు పెట్టకుండానే వంటింట్లోకి వెళ్లి, ఆ పరధ్యానంలో, కొట్టకుండానే వంకాయకు కత్తి పెట్టాడు.

కాయ ఎగిరి కుడి బొటనవేలిని మొదలంటా పట్టుకుంది. ఎముక పటుక్కుమంది. రక్తం గోడమీది క్యాలెండర్ దాకా చిమ్మింది. ఉదయశ్రీ పరుగున వచ్చి పచ్చడిబండతో బాదితే కాయ నుజ్జయింది, లోపల వేలూ నుజ్జయింది.

"కొట్టకుండా కోశారా? ఎన్నిసార్లు చెప్పానండీ!" అంది తువ్వాలు చుడుతూ.

మళ్లీ రవికిరణ్. సంగతి విని, "అయ్యో, మా మామయ్యకీ ఇలాగే పోయింది. పర్లేదు, సిస్టమ్‌లో నీ ఎడమ బొటనవేలు కూడా ఉంది. పెట్టెయ్" అన్నాడు.

"సరే సార్," అన్నాడు హేమంత్. అలవాటు.

లేచి, సంచీలోంచి అన్నిటికంటే మెరిసే కాయను ఏరాడు. అది గుర్రుమంది. ఉదయశ్రీ బండ ఎత్తింది.

"ఉండనీ," అని ఎడమ బొటనవేలు దాని నోటికందించాడు.

లక్ష్మమ్మ భర్త రామచంద్రం ఆరోజు మందు పంపు వీపున తగిలించుకుని, గట్టు మీద పొద్దుగూకేదాకా ఫోన్ వంకే చూశాడు. మోగలేదు. "గీ ఫోన్లు గింతే" అని తిట్టుకుంటూ పంపు దించి, అన్నానికి ఇంటికి నడిచాడు.