ఎముక దారిన వచ్చిన మాట

రెండో కాన్పు తరవాత వెంకటశేషమ్మకు చెవులు మూసుకుపోయాయి. వాకాడులోని ఆ ఇంట్లో మొదట్లో గొంతు చించుకుని అరిచేవారు. తరవాత చేతులతో చెప్పడం అలవాటు చేసుకున్నారు. ఆ తరవాత చెప్పవలసినవే తగ్గించుకున్నారు. తను మాట్లాడితే తన గొంతు తన తలలోనే గింగురుమనేది. జవాబు మాత్రం ఎటునుంచీ వచ్చేది కాదు.

భర్త పద్మనాభయ్య ఆమెను బస్సెక్కించి నెల్లూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు రెండు కొమ్ముల ఉక్కు పుల్ల ఒకదాన్ని మోకాలికి తట్టి, ఆమె చెవి వెనక ఎముకకు ఆనించాడు. తలంతా తుమ్మెద తిరిగినట్టు మోగింది. ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. చెవి దారి పూడిందే గాని లోపలి నరం బాగుందనీ, శబ్దం పుర్రె ఎముక గుండా కూడా పోతుందనీ, ఒక బద్దను చెరొక కొసా పళ్ళతో పట్టుకుని మాట్లాడితే ఆమెకు వినపడుతుందనీ పద్మనాభయ్యకు చెప్పాడు. ఆమెకు సైగ చేసి చూపించాడు.

ఇంటికి వచ్చి ఆమె వేపబద్ద ఒకటి నున్నగా చెక్కి, ఒక కొస భర్త వైపు చాచింది. పద్మనాభయ్య తల అడ్డంగా తిప్పి, ఎంగిలి అన్నట్టు పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. అతను తిన్న ఆకులో ఆమె తినడం ఆచారమే. ఆమె ఎంగిలి అతనికి తగలడం మాత్రం కాదు. ఆమె తప్పు పట్టలేదు, తనూ అట్లా పెరిగిందే. ఎవరూ లేనప్పుడు బద్ద కొరికి, రెండో కొస గోడకు ఆనించేది. పక్కింటి రోకటిపోటు వచ్చేది. ఆవు మెడకు ఆనిస్తే నెమరు వినపడేది. మనిషి మాట ఒక్కటే లేదు.

ఒకనాటి పొద్దున పూజలో అతను శంఖం ఎత్తబోతుంటే ఆమె నెమ్మదిగా అడిగింది.

“కోపగించుకోవద్దండి. శంఖం నోట పెట్టుకునే గదా ఊదేది? సామికి పోయే ఆ మోతకు ఎంగిలి అంటనప్పుడు, మాటకు మాత్రం ఎట్లా అంటుతుంది?”

అతను శంఖం దించి పటాల వంక చూశాడు. పూజ ముగించి, వసారాలో ఆమెకు ఎదురుగా కూర్చుని, బద్ద కొస పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. రెండో కొస ఆమె కొరికి పట్టుకుంది.

“తూము కాడ నీళ్ళు చాలడం లేదు,” అన్నాడు పళ్ళ సందున. “నిన్ను పిలిచి పిలిచి మానుకున్నానే,” అన్నాడు.

మాట ఆమె తల లోపలే పుట్టినట్టు వచ్చింది. కొంచెం బొంగురుపోయినా ఆమెకు తెలిసిన గొంతే. ఇంకా చెప్పమని చేయి ఊపింది. అతను లేచి బావి దగ్గరికి పోయి నోరు పుక్కిలించి, కండువా భుజాన వేసుకుని చేనికి వెళ్ళిపోయాడు.

వెంకటశేషమ్మ ఆ పూట నోరు కడుక్కోలేదు.