కంటికి ఆనని ఎరుపు

ఆయన కన్ను సంగతి ఎవరినైనా అడగండి, కథలు కథలుగా చెబుతారు. రంగుల దుకాణంలో ముప్పై ఏళ్లుగా రంగులు కలిపే పని. గోడమీంచి గోరంత పెచ్చు తెచ్చిచ్చినా, ఇటో చుక్క అటో చుక్క వేసి అచ్చం అదే రంగు డబ్బాలో పోసిస్తాడు. అందుకే ఇంట్లోనూ ఆ కంటిదే తీర్పు. "నువ్వు పెళ్లినాటి నువ్వే, రవ్వంత తేడా లేదు" అని భార్యతో అంటే, కాదనడానికి ఆవిడకి నోరొచ్చేది కాదు. ముక్కంటారా, అది రంగుల ఘాటుకి ఏనాడో చచ్చి ఊరుకుంది. పొయ్యి మీద పాలు మాడినా, అరుపులు వినపడితే తప్ప ఆయనకి తెలీదు.

అలాంటి మనిషి ఆరేళ్ల కిందట ఆటోమేటిక్ గేర్ల కారు కొన్నాడు. గేర్ ఆయిల్ అరవై వేల కిలోమీటర్లకి మార్చాలని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. అది రాసినవాడికి నా కన్నుందా అనుకున్నాడు. నెలకోసారి, ఇంజిన్ వేడెక్కి తిరుగుతుండగా ఆయిల్ చూసే స్టిక్ బయటికి లాగి, తేదీ వేసిన తెల్ల అట్టముక్క మీద ఒక చుక్క అద్దేవాడు. కిందటి నెల ముక్క పక్కన పెట్టి చూసేవాడు. తేడా లేదు. పాతది చెత్తబుట్టలోకి, కొత్తది జేబులోకి. దుకాణంలో పద్ధతీ అదే మరి, కిందటి డబ్బాతో కలిసిందా లేదా, అంతే. మీటరు తొంభై వేలు దాటినా అదే మాట.

ఇప్పుడు కూతురికి నెలలు నిండాయి. అల్లుడికి ఓడలో ఉద్యోగం, ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు. కూతురుండేది కొండ అవతల. నొప్పులు మొదలైతే గంటలో వచ్చి వాలతామని అమ్మానాన్నా మాటిచ్చారు. సరిగ్గా ఆ వారమే కారు మొరాయించింది. ఎక్కడైనా ఆగి బయల్దేరబోతే ఇంజిన్ గోల పెడుతుంది తప్ప బండి కదలదు. తర్వాత ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఉరుకుతుంది.

భార్య తమ్ముడికి సొంత షెడ్డుంది. ఆదివారం వచ్చి స్టిక్ లాగి వాసన చూశాడు. "మాడిపోయింది బావా. ఈ ఆయిల్‌తో కొండెక్కావంటే సగం దారిలో గేర్‌బాక్స్ చేతులెత్తేస్తుంది."

బావగారు జేబులోంచి కిందటి నెల ముక్క తీసి, కొత్త అట్టముక్క మీద ఒక చుక్క అద్ది, రెండూ ఒకటే చూసుకోమన్నాడు. ఒకసారి వాసన చూడు బావా అంటే చూశాడు, ఏమీ రాలేదన్నాడు. ముక్కు లేనివాడికి మల్లెలైనా మసైనా ఒకటేనని బావమరిది, ముప్పై ఏళ్ల కన్నుకి మొన్నటి పిల్లకాకి పాఠాలా అని బావ. మాటకి మాట, అర పూట గడిచింది.

లోపల భార్య కూతురికి వదులు గౌను కుడదామని పాత కొలతలు వెతుకుతోంది. ఆవిడకి చేతికేది దొరికితే దానిమీద రాసుకునే అలవాటు. కొలతలు రాసిన ఒక అట్టముక్క దొరికింది. వెనక్కి తిప్పి, ఆగి, గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, ఇది మీ చేతిరాతే కదా?"

కారు కొన్న నెల తేదీ. దానిపైన దానిమ్మ గింజంత ఎర్రని చుక్క. ఎప్పుడో చెత్తబుట్టలోంచి ఏరి దాచిందట. ఆయన తన ముక్కని దాని పక్కన పెట్టాడు. తనది మాడిన బెల్లం పాకంలా ఉంది.

పరువు పోయిందన్న బాధ కాదు, ఆయనకి భయం వేసింది. కొండ రోడ్డు మీద ఆగిపోయిన కారూ, అవతల తన కోసం చూస్తున్న పిల్లా కళ్లముందు మెదిలారు. తాళాలు తీసి బావమరిది చేతిలో పెట్టాడు. అతనూ మంచివాడే, ఆ పూట ఇంకేం ఎగతాళి చేయలేదు, సాయంత్రానికల్లా ఆయిల్ మార్చి ఇచ్చాడు.

బుధవారం పొద్దున్నే ఫోనొచ్చింది. కారు కొండ మీద కుదుపన్నది లేకుండా ఎక్కుతోంది. ఆయనకి ప్రాణం లేచొచ్చి, పక్కనున్న భార్యని చూసి అలవాటు కొద్దీ అనేశాడు, పెళ్లినాటి నువ్వేనని.

"ఏనాటి నాతో పోల్చి చూశారు, నిన్నటి నాతోనా?"

రెండు మలుపులు దాటాక, ఇంటికెళ్లగానే పెళ్లి ఫోటో తీసి పక్కన పెట్టి చూస్తానన్నాడు.

"ఫోటో జోలికి పోకండి," అంది ఆవిడ. "ఆయిలైతే మార్పించారు, నన్నేం చేస్తారు? ముందు రోడ్డు చూడండి, పిల్ల ఎదురుచూస్తోంది."