రోమీ సూపర్ హిట్స్, బి సైడు

నేను ఒక క్యాసెట్టుని. ఆషామాషీ క్యాసెట్టుని కాదు, 'రోమీ సూపర్ హిట్స్'ని. కవరు మీద తోలు జాకెట్టు వేసుకుని పాప్ పాటగాడు రోమీ జుట్టు గాలికెగరేస్తూ ఉంటాడు. ఆ గాలి స్టూడియోలో టేబుల్ ఫ్యానుది. నాలో పది పాటలున్నాయి. హిట్టయినవి రెండు. ఆ రెండోది కూడా మొదటిదే, కాస్త వేగంగా పాడాడు. కొత్త పాటలు ఎవరూ కొనకపోయేసరికి కంపెనీవాళ్ళు పాతవన్నీ ఒకచోట పోగేసి 'సూపర్' అన్నారు. మిగిలిన కూరలన్నీ కలిపి పులుసు పెట్టి, దానికో గొప్ప పేరు పెట్టమూ? అలాగే.

తెనాలిలో భాస్కరంగారు పెళ్ళయిన కొత్తలో నన్ను భార్య వకుళకి కొనిచ్చారు. ఆవిడ వంట చేసుకుంటూ నాతో గొంతు కలిపేది. ఓ రోజు అత్తగారు రాజ్యమ్మగారు వసారాలోంచి, "అరుస్తున్నది వాడా, నువ్వా? నీది గొంతు కాదే తల్లీ, పిండిమర" అన్నారు. అంతే, వకుళ పాడటం మానేసింది. నేను మానలేదు. నాకు సిగ్గెక్కడిది?

రాజ్యమ్మగారికి సీమంతంలో గాజులు తొడిగేటప్పుడు పాడే పాటొకటి వచ్చు. అది లేకుండా ఆ ఇంట్లో గాజు చేతికెక్కదు. పెద్దతనాన ఆయాసం మొదలయ్యాక, కోడలు బజారుకెళ్ళిన సమయం చూసి కొడుకుని పిలిచి, "నా పాట పట్టరా" అన్నారు. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. భాస్కరంగారు నా నెత్తిమీది చిల్లుల్లో కాగితం కూరి సెల్లోటేపు అంటించారు. అలా చేస్తే మాలాంటి పాటల క్యాసెట్టు మీదా రికార్డవుతుంది. బి సైడులో రోమీ ప్రేయసిని పిలుస్తున్న చోట రాజ్యమ్మగారు వచ్చి కూర్చున్నారు.

ఆవిడ పోయాక చాలా ఏళ్ళకి వకుళ కూతురు హారికకి సీమంతం వచ్చింది. పీటమీద పిల్ల చెయ్యి చాచి కూర్చుంది, పాడేవాళ్ళు లేరు.

"నీకు వచ్చుగా, పాడు వకుళా!" అంది ఆడపడుచు.

"నాది పిండిమర వదినా. పేరంటాళ్ళు లేచిపోతారు" అని వకుళ పసుపు గిన్నె అందుకుంది.

భాస్కరంగారు అటక మీంచి నన్ను దింపి, పెన్సిలుతో టేపు బిగించి, పాత టేప్ రికార్డర్లో పెట్టారు. రోమీ "రావే బేబీ" అన్నాడు. పేరంటాళ్ళు నోటికి కొంగులడ్డం పెట్టుకున్నారు. అంతలో టక్కుమని, "ఎర్ర లైటు వెలిగిందిట్రా?"

కొంగులు కిందికి దిగాయి. రాజ్యమ్మగారు పాడారు. చివరి చరణం ముందు దగ్గి ఆగారు.

"ఇహ నావల్ల కాదు. ఇది కోడలు పాడుతుందిలే. తలుపుచాటున నిలబడి నేర్చుకోవడం నాకు తెలీదనుకుంటోంది. నాకంటే బాగా పాడుతుంది. దానికి చెప్పకురోయ్, నెత్తికెక్కుతుంది!"

వెంటనే రోమీ "బేబీ!" అని కేక పెట్టాడు. ఎవరో నా నోరు నొక్కారు. మంచిపనే.

వకుళ మొగుడికేసి చూసింది. "ఇన్నేళ్ళూ చెప్పలేదేమండీ?"

"అమ్మ చెప్పొద్దంది కదా."

"అమ్మా, తర్వాత తిట్టుకోండి. చెయ్యి లాగుతోంది, పాడు" అంది హారిక.

వకుళ పాడింది. మొదటి ముక్క పిండిమరే, అబద్ధమెందుకు? రెండో ముక్కకి గొంతు విచ్చుకుంది. గాజు చేతికెక్కింది.

ఇప్పుడు నేను దేవుడి అలమరలో ఉంటున్నాను. తోలు జాకెట్టు దేవుడికి కనబడకుండా రోమీని గోడవైపు తిప్పి, నా వీపున కుంకుమ బొట్టు పెట్టారు. నాలో హిట్టు ఒక్కటే. అది రోమీది కాదు, పైగా సగంలో ఆగిపోతుంది. మిగతాది పొద్దున్నే వంటింట్లోంచి, పోపు చప్పుడుతో సహా వినిపిస్తుంది.