జంటముద్రల డబ్బా

మా మామయ్యగారు పాత వెండి నాణేలు కొని అమ్ముతారు. ప్రతి నాణెం మీదా అది ఏ టంకశాలదో చెప్పే చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. పూర్వం ఆ అక్షరాన్ని అచ్చు మీద చేత్తో కొట్టేవారట. మొదటి దెబ్బ జారితే మళ్లీ కొట్టేవారు. అప్పుడు ఆ అచ్చులోంచి వచ్చిన నాణేల మీద అక్షరం పక్కనుంచి ఇంకో అక్షరం తొంగిచూస్తుంది. దాన్ని మేం జంటముద్ర అంటాం. ఎప్పుడో గాని దొరకదు. దొరికిన రోజు మామయ్య భోజనం కూడా మర్చిపోతారు.

ఈమధ్య మాత్రం రోజూ దొరుకుతున్నాయి. వాటి డబ్బా మూత పడటం లేదు.

"మన దశ తిరిగిందమ్మాయ్," అంటారు భూతద్దం కుడి కంటికి ఆనించుకుని.

వాటిని కవర్లలో పెట్టడం నా పని. నాకేమో ఒక్క అక్షరమే కనిపిస్తోంది. చదువు సగంలో ఆపేసినదాన్ని, నాకే తెలియట్లేదనుకున్నాను. ఇవాళ ఉండబట్టలేక అడిగాను.

"రెండోది ఏ పక్కనుంది మామయ్యా?"

"కుడిపక్క. అవి కళ్లా, చొక్కా గుండీలా?"

ఇంకోటి ఇచ్చాను. అదీ కుడిపక్కే. ఆ నాణేన్నే తలకిందులుగా తిప్పి ఆయన ముందు పెట్టాను.

"ఇప్పుడో?"

"కుడిపక్కే. ఎన్నిసార్లు చెప్పాలే?"

నాణెం తిరిగితే ముద్రా తిరగాలి కదా. తిరగలేదంటే తేడా నాణెంలో లేదు. నాణేలు పోతే పోనీ. మేముండేది మేడ మీద. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేని మెట్లు. రోజూ సాయంత్రం మా రెండేళ్ల బుడ్డదాన్ని చంకనేసుకుని ఆయనే కిందికి దిగుతారు.

ఎలా చెప్పను? ఆ కన్నే ఆయన బతుకు. అటూ ఇటూ తిరిగాను, ఆరిన బట్టలే మళ్లీ ఆరేశాను. ఈలోగా ఆయన బుడ్డదాన్ని ఎత్తుకుని మెట్ల దాకా వెళ్లిపోయారు. పరుగెత్తి అడ్డం నిలబడ్డాను.

"ఇటివ్వండి మామయ్యా."

"ఏం, పడేస్తానా?"

"తిప్పినా కుడిపక్కేనన్నారు," అన్నాను.

ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు. వెనక్కి వచ్చి, పిల్లని ఒళ్లో పెట్టుకునే నాణెం తీశారు. చూశారు. తిప్పి చూశారు. ఎడమ కంటితో చూశారు. భూతద్దం మెల్లగా బల్ల మీద పెట్టారు.

"దీనిమీద లేదన్నమాట. నా కంట్లో ఉంది."

"రేపు కళ్లడాక్టరు దగ్గరికి పోదాం. నేనూ వస్తాను. శుక్లమేమో, తీసేస్తారు."

బుడ్డది ఆయన మీసం పట్టుకు లాగింది.

"అయితే ఈ రాక్షసి ఒక్కతేనా? నాకు ఇద్దరు మనవరాళ్లనుకుని మురిసిపోతున్నా," అన్నారు. పిల్లని నా చేతుల్లో పెట్టారు.

బుడ్డది వీధిలోకి పోదామని ఒకటే గోల. నేను ముందు, ఆయన నా భుజం పట్టుకుని వెనక.

"మెట్టు," అన్నాను. "ఇంకో మెట్టు."

"మెత్తు," అంది బుడ్డది వాళ్ల తాతతో.