కనుగొన్నవారు

"మా పర్సిస్‌కి ఏం పనిలెండి, మ్యూజియంలో కుండపెంకులకి నంబర్లేసుకుంటూ టైంపాస్ చేస్తది. శనివారం లంచ్ మా ఇంట్లోనే," అని పర్సిస్ భర్త జోనాథన్ చర్చివాళ్లకి ఫోన్‌లో నవ్వుతూ మాటిచ్చేశాడు. ఇండియా నుంచి పాస్టర్‌గారు వస్తే అమెరికాలో ఈ ఎడిసన్‌ ఊళ్లోని తెలుగు చర్చివాళ్లు ఇంటింటా వంతులేసుకుని భోజనం పెడతారు. ఈ వంతుకి పన్నెండు మంది. పర్సిస్ అల్లం గీకుతూ అంతా విన్నది. టైంపాస్ అన్నందుకు కోపం రాలేదు, పదకొండేళ్లుగా విని విని చెవులు మొద్దుబారాయి. శనివారం అన్నందుకు మాత్రం ఒళ్లు మండింది.

ఆమె నంబర్లు వేస్తున్న పెంకులు ఎలినార్ హాథ్రీ అనే ఆవిడ సేకరణలోవి. బ్రిటన్‌లో పుట్టి, సైప్రస్‌లో తవ్వకాలు చేసి, భర్త ఆర్నాల్డ్‌తో అమెరికా వచ్చి, ఆ చిన్న మ్యూజియానికి ముప్పై ఏళ్లు క్యూరేటర్‌గా చేసి పోయిన మనిషి. తవ్వకాల నోట్‌బుక్ అట్ట మీద ఆర్నాల్డ్ పేరుంది కదా అని, కేటలాగ్‌లో 'కనుగొన్నవారు' అన్న గడిలో పర్సిస్ కూడా రెండు నెలలు ఆర్నాల్డ్ పేరే కొట్టింది. తర్వాత ఒక పెట్టె అడుగున అతను ఎలినార్‌కి రాసిన ఉత్తరాలు బయటపడ్డాయి. తవ్వకాలు జరిగిన ఆ ఎండాకాలమంతా ఆయనగారు లండన్‌లో ఉపన్యాసాలిస్తూ, "ఏమైనా దొరికిందా? వెంటనే రాయి, ఇక్కడ చెప్పుకోవాలి," అని రాశాడు. దొరికినవి నూట నలభై. అన్నీ ఎలినార్‌కే. అది చదివి పర్సిస్‌కి ఆర్నాల్డ్ మీద కన్నా తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆడమనిషై ఉండి తనకూ అనుమానం రాలేదు.

శనివారం పదకొండింటికి ఆ ఉత్తరాలను మ్యూజియం ట్రస్టీల ముందు పెట్టాలి. లేదంటే సోమవారం కేటలాగ్ ఆర్నాల్డ్ పేరుతోనే ప్రింట్‌కి వెళ్లిపోతుంది.

"ఇంకెవరినైనా పంపు," అన్నాడు జోనాథన్, ఈ సంగతంతా విని. "చచ్చిపోయినావిడకి ఇప్పుడు పేరొస్తే ఎంత, రాకపోతే ఎంత? అయినా లంచ్‌కి కమిట్ అయిపోయాం కదా."

కమిట్ అయింది ఒకరు, వండాల్సింది ఇంకొకరు. పర్సిస్ ఉత్తరాలన్నీ ఒక ఫోల్డర్‌లో సర్దుకుంది.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి ఉత్తరాల ఫోల్డర్ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎక్కడికి? మరి బిర్యానీ ఎవరు చేస్తారు?"

"రాత్రే పాస్టర్‌గారికి ఫోన్ చేశాను," అంది కారు తాళాలు తీసుకుంటూ. "వంటంతా మీరే స్వయంగా చేస్తున్నారని చెప్పాను. ఎంత సంతోషపడ్డారో! రేపు ప్రసంగంలో మీ పేరు చెప్తానన్నారు."