ఐసులో పెట్టిన సీసా

సీసా చిటికెనవేలంత లేదు. అందులో నీళ్లలాంటి మందు, ఆ మందు అడుగున రొయ్య కన్నంత ముక్క. ఆ ముక్క తన కూతురు శాంతి ఒంట్లోంచి తీసిందంటే గంగాదేవికి ఒళ్లు జలదరించింది.

"దీన్ని గుడివాడ ల్యాబులో ఇవ్వాలమ్మా," అంది డాక్టరు జ్యోతిర్మయి. "గర్భసంచి మూతి దగ్గర పుండులా ఉంది. అది ఏమిటో ముక్క చూస్తేగానీ తెలీదు."

"కేన్సరా డాక్టరమ్మా?"

"అప్పుడే అనకండి. మన కణాలు అడ్డదిడ్డంగా పెరక్కుండా ఆపే కాపలా ప్రోటీన్లుంటాయి. ఆలుమగల కలయికలో అంటుకునే ఒక వైరస్ వచ్చి వాటిని పడగొడుతుంది. అప్పుడు పి16 అనే ఇంకో కాపలా ప్రోటీను గుంపులుగా పుట్టుకొస్తుంది, ఆపలేకపోయినా సరే. ముక్కకి రంగు వేస్తే ఆ గుంపు కనబడుతుంది. అలా కనబడితే వైరస్ లోపల పని మొదలెట్టిందని గుర్తు."

"వైరస్ అంటే... అల్లుడు అయ్యప్ప వారాల తరబడి సముద్రంలో వేట మీదే ఉంటాడు. నలుగురూ ఏమనుకుంటారో!"

"ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేదు. చాలామందికి వస్తుంది, దానంతటదే పోతుంది. కొందరికి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండిపోతుంది."

ఐదో తరగతితో చదువాపేసిన గంగాదేవి చెవిలో ఇవేవీ నిలవలేదు. కేన్సరన్న మాట ఒక్కటే నిలిచింది.

ఆటోలో శాంతి కళ్లు మూసుకుని తల్లి భుజం మీద వాలింది. గతుకు వచ్చినప్పుడల్లా పళ్లు బిగబట్టుకుంటోంది. సీసా మూత వదులుగా ఉన్నట్టుంది, ఘాటైన వాసన గంగాదేవి ముక్కుకి కొట్టింది. ఆ వాసన ఆవిడకి తెలుసు. ఒకసారి ఎవరో బయటి వ్యాపారి చేపలకి ఫార్మలిన్ కొట్టి తెచ్చాడని ఆవిడ చేపలమ్మే మార్కెట్లో పెద్ద గొడవైంది. పీనుగులు కుళ్లకుండా పెట్టే మందని అప్పుడే విన్నది. మనుషులు తినే చేపకి పీనుగుల మందేమిట్రా అని అందరికంటే ముందు శాపనార్థాలు పెట్టింది ఆవిడే.

ఇప్పుడు అదే మందులో తన పిల్ల ముక్క. పిల్లేమో పక్కనే ఊపిరి తీస్తోంది.

గిలకలదిండిలో ఇంటికి చేరగానే శాంతిని పడుకోబెట్టి, పెరట్లోకి వెళ్లి సీసాలో మందు పారబోసింది. మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, మళ్లీ నీళ్లు పోసి మూత బిగించింది. తర్వాత హార్బరులో ఐసమ్మే అప్పారావు దగ్గరికి పరిగెత్తింది.

"ఏంటి గంగక్కా, ఇంత బుల్లి సీసాకి ఐసా? అందులో ఏం చేపుందే?" అన్నాడు అప్పారావు నవ్వుతూ.

గంగాదేవి డబ్బా చాపింది. "వెయ్యరా, వాగకుండా," అంది.

సాయంత్రం రైలు అందలేదు. మర్నాడు పొద్దున్నే సీసా ఐసులో కప్పెట్టిన డబ్బాని ఒళ్లో పెట్టుకుని గుడివాడ వెళ్లింది. పెడనలో ఎక్కిన చేపల తట్ట ఒకటి డబ్బాకి తగిలితే ఆ తట్ట మనిషిని నానా మాటలూ అంది. ల్యాబులో ఐసు తీసి, సీసా తుడిచి, దేవుడి ముందు పెట్టినట్టు బల్ల మీద పెట్టింది. తన చేతికొచ్చిన పని ఒక్కటైనా సవ్యంగా చేశాననుకుంది.

నాలుగో రోజు డాక్టరమ్మ ఫోను చేసింది. ఫోను శాంతి చేతిలో ఉంది.

"ముక్క నీళ్లలో నాని పాడైపోయిందటమ్మా. రంగు పట్టలేదు. ఇంకోసారి తియ్యాలి."

శాంతి ఫోను మంచం మీదకి విసిరేసింది. "నావల్ల కాదు. ఆ బల్లెక్కి పడుకోవడానికే చచ్చినంత పనైంది నాకు. వాళ్లు పాడుచేసి మళ్లీ రమ్మంటే వెళ్లాలా? నేను రాను."

గంగాదేవి గుమ్మం పట్టుకుని నిలబడింది. చెప్పకపోతే పిల్ల వెళ్లదు. చెబితే పిల్ల తన మొహం చూడదు.

"వాళ్లు కాదే. మందు పారబోసింది నేనే."

"ఏంటీ?"

"అది పీనుగుల మందే తల్లీ. నువ్వు బతికుండగా నీ ముక్క అందులో... చూడలేకపోయాను. ఐసులో పెడితే తాజాగా ఉంటుందనుకున్నాను."

శాంతి తల్లికేసి తిరిగింది. "నేనేం వంజరం చేపనా అమ్మా, ఐసులో పెట్టడానికి?" అంది. నవ్వబోయింది గానీ ఏడుపే వచ్చింది. "రేపు వెళ్తాను. నువ్వు మాత్రం రావద్దు. సీసా నేనే పట్టుకెళ్తాను."

మర్నాడు పిల్ల ఆటో ఎక్కుతుంటే గంగాదేవి తోడు వెళ్లబోయి, ఆగిపోయింది. ఆ రోజు హార్బరులో చేపల వేలంపాట పాడుతుంటే ఏ రాశి ఎంతకి పోయిందో ఆవిడకి తెలీలేదు.

వారం తర్వాత డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. పి16 రంగు ముక్కనిండా పట్టింది. వైరస్ కూడా బయటపడింది. కణాలు పొర దాటి లోపలికి దిగాయి. కేన్సరే. విజయవాడలో రేడియేషన్, అదే కరెంటు పెట్టాలి, ఆలస్యం చెయ్యకూడదు.

శాంతి ఒళ్లో చేతులు పెట్టుకుని వింటోంది. గంగాదేవి వంగి డాక్టరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ఆ మొదటి ముక్క నేను పాడు చెయ్యకపోతే, అప్పటికింకా దిగేది కాదేమో కదమ్మా?"

"ఇది ఏళ్ల తరబడి పెరిగిందమ్మా. ఈ పది పన్నెండు రోజుల్లో వచ్చింది కాదు. మీవల్ల కాదు."

గంగాదేవి తలూపింది. నమ్మలేదు. ఇక ఎప్పటికీ నమ్మలేదు కూడా.

విజయవాడ డాక్టర్లు ల్యాబువాళ్లు మైనంలో పోతపోసి దాచిన ఆ రెండో ముక్క కూడా తెమ్మన్నారు. గుడివాడ ల్యాబు కిటికీ దగ్గర తల్లీకూతుళ్లు నిలబడ్డారు. లోపలి అబ్బాయి చిన్న బిళ్ల ఒకటి ఇచ్చాడు. తెల్లటి మైనం మధ్యలో గోధుమరంగు చుక్క.

"బాబూ, దీన్నెలా పట్టుకెళ్లాలి?" అని అడిగింది గంగాదేవి.

"సంచిలో వేసుకోండి, ఎండ తగలకుండా."

"ఐసు?"

"అక్కర్లేదండీ."

"మందు?"

"ఏమీ వద్దండీ. కరక్కుండా ఉంటే చాలు."

ఆవిడ వెనక్కి జరిగి చేతులు కొంగులో దాచుకుంది. శాంతి బిళ్లని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ కొంగు విప్పి, తల్లి అరచేతిలో పెట్టింది.

"నాకు కళ్లు తిరుగుతున్నాయి. నువ్వే పట్టుకో."

బస్టాండు దాకా ఎండ మండిపోతోంది. గంగాదేవి కొంగు చేతి మీద గొడుగులా పట్టుకుంది. అరచెయ్యి వేడికి మైనం ఎక్కడ కరుగుతుందోనని వేళ్లు విప్పింది. ఎక్కడ జారిపోతుందోనని మళ్లీ మూసింది. అలా విప్పుతూ మూస్తూ, కూతురి వెనకాలే నడిచింది.